నలభై కుండల తేనె, ఒక తాబేటి డిప్ప

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న బడి ఉండేది. ఆ చిన్న బడికి ఒక పెద్ద కమిటీ ఉండేది. పిల్లలు పదిహేను మంది, కమిటీ సభ్యులు పదకొండు మంది. మిగిలిన నలుగురు పిల్లలకు సభ్యులు దొరకలేదని మా అధ్యక్షులవారు చాలాకాలం బాధపడ్డారు.

"మా" అన్నాను గదా, ఇక దాచి లాభం లేదు. ఆ కమిటీలో నేనూ ఒకణ్ణి. తాబేలుని. పేరు కూర్మయ్య. వయసు నూట పన్నెండు. ఇంత వయసు వచ్చింది కాబట్టి దాంతోపాటు బుద్ధీ వచ్చి ఉంటుందని అడవి అనుకుంది. నేను కాదనలేదు.

పదకొండు మందిలో మాట్లాడేది ఇద్దరు ముగ్గురే. తక్కినవాళ్లు సమావేశంలో పంచే ఇప్పపూల కోసం వచ్చేవాళ్లు. అధ్యక్షులు నెమలిగారు. ఆయన్ని ఎవరైనా ఇబ్బంది పెట్టే ప్రశ్న అడిగితే పింఛం విప్పేవారు. సభ చప్పట్లు కొట్టేది, ప్రశ్న మరిచిపోయేది. బడి పంతులు కొంగ మాస్టారు. ఆయన ఒంటికాలి మీద నిలబడి వినేవారు. ఎవరి మాట నెగ్గుతుందో తెలిశాక రెండో కాలు ఆ పక్కకు దించేవారు.

చెయ్యెత్తి ఓటు వెయ్యమంటే చేతులు లేనివాళ్లు నొచ్చుకుంటారని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. తల ఎత్తితే అభ్యంతరం, దించితే అంగీకారం. నాకు చిన్నప్పటినుంచీ ఒక అలవాటు ఉంది. ఎవరైనా సూటిగా ఏదైనా అడిగితే తల డిప్పలోకి లాగేసుకుంటాను. ఆ విధంగా ఇరవై ఏళ్లుగా ప్రతి తీర్మానాన్నీ నేను బలపరిచాను. వాటిలో సగం నాకు వినబడలేదు కూడా.

మా బడిలో చదువంటే జాడలు చదవడం. నేల మీద పడిన అడుగు ఎవరిది, ఎటు పోయింది, ఎప్పుడు పోయింది, మళ్లీ వస్తుందా. అది వచ్చినవాడు అడవిలో బతుకుతాడు. రానివాడు ఏదో ఒకరోజు వేటగాడి ఉచ్చులో కాలు పెడతాడు. ఈ చదువుకి డిగ్రీలు లేవు గాని, తప్పితే రెండో పరీక్ష కూడా లేదు.

ఆ ఏడు వేసవిలో ఏటి అవతల గట్టు మొత్తం కార్చిచ్చుకు కాలిపోయింది. చెట్టూ పొదా మిగల్లేదు. అక్కడి పిల్లలు ఆకలి కడుపుతో, బూడిద కాళ్లతో, ఏట్లో రాళ్ల మీదుగా దూకి బడికి వచ్చేవాళ్లు. ఈ సంగతి రాజుగారైన సింహం చెవిన పడింది. ఆయన వెంటనే నలభై కుండల తేనె పంపించాడు. మా అడవిలో తేనె పోస్తే జరగని పని లేదు. కుండల మీద "వెనకబడ్డ పిల్లల తేనె, వాళ్ల కోసమే వాడవలెను, కమిటీ పర్యవేక్షించవలెను" అని రాజముద్ర ఉంది.

ఆ చివరి మాట చదివి మేమందరం నిటారుగా కూర్చున్నాం. పర్యవేక్షణ! పుట్టాక మొదటిసారి మాకంటూ ఒక పని దొరికింది.

మొదటి చిక్కు, తేనె ఎక్కడ దాచాలన్నది. చీమలు పట్టని చల్లటి గుహ అడవి మొత్తానికి ఒక్కటే ఉంది. అది ఎలుగుబంటి భల్లన్నది.

"ఎలుగుబంటి ఇంట్లో తేనె పెడతారా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదూ?" అన్నారు నెమలిగారు.

భల్లన్న మొహం మాడిపోయింది. "అయ్యా, నేను తేనె తింటాను, నిజమే. పిల్లల తేనె తిననండి" అన్నాడు.

మేం నమ్మలేదు. రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి భల్లన్న మూతి వాసన చూసే బాధ్యత ఒక సభ్యుడికి అప్పగించాలని తీర్మానించాం. ఎవరు చూస్తారని అధ్యక్షులు నా వైపు తిరిగి సూటిగా అడిగారు. నేను తల లోపలికి లాక్కున్నాను. ఏకగ్రీవం.

ఆ రోజు నుంచీ నా బతుక్కి ఒక అర్థం వచ్చింది. తెల్లారగానే ఏట్లోంచి బయల్దేరితే, నా నడకకి పొద్దెక్కేసరికి గుహ చేరేవాణ్ణి. భల్లన్న నా కోసం నేల మీద పడుకుని మూతి కిందికి పెట్టేవాడు. నేను వాసన చూసి, "తేనె లేదు" అని అటుగా వచ్చే కొంగ మాస్టారికి చెప్పి రాయించి, సాయంత్రం వాసనకి అక్కడే కూర్చునేవాణ్ణి. పాపం, ఆ ఎలుగు ఒక్క చుక్క ముట్టలేదు. కుండల ముందు కూర్చుని లొట్టలేసేవాడు, కళ్లనీళ్లు పెట్టుకునేవాడు, మళ్లీ మొహం గోడ వైపు తిప్పుకునేవాడు. నాకు జాలేసేది. అయినా పని పనే గదా అని రెండోసారీ చూసేవాణ్ణి.

రెండో సమావేశానికి ఏటి అవతలినుంచి ముళ్లపంది బలుసమ్మ వచ్చింది. వెంట కూతురు రేగి ఉంది. ముళ్లు గుచ్చుకుంటాయని ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోరు. అందుకని ఆమె ఎక్కడికి పోయినా ఓ మూలకి జరిగి, ముళ్లు దగ్గరికి ముడుచుకుని నిలబడడం నేర్చుకుంది. ఆరోజూ అలాగే నిలబడింది.

"అయ్యా, మాకు తేనొద్దు. ఏటి మీద ఒక దుంగ యేయించండి, సాలు" అంది బలుసమ్మ. "వానలొస్తే ఏరు పొంగుద్ది. నా పిల్ల దాటలేదు. దీని అయ్యకి జాడ సదవడం రాదు. ఉచ్చు మీద కాలేసి పోయాడు. దీనికి ఆ గతి పట్టకూడదయ్యా."

భల్లన్న వెనకనించి లేచాడు. "దుంగంటే ఎంత పనండి! కాలి పడిపోయిన మద్దిచెట్టు ఉంది. నేను పొద్దున్నే దొర్లించేస్తాను. తేనె కూడా అక్కర్లేదు."

నెమలిగారు చిరునవ్వు నవ్వారు. "భల్లన్నా, నీకు ఉత్సాహం ఉంది, నిబంధనలు తెలీవు. దుంగ వేస్తే దాని మీద వెనకబడ్డ పిల్లలే నడవాలి. ముందుకుపోయిన పిల్లలు కూడా నడిచారనుకో? వెనకబడ్డవాళ్ల వసతి వేరేవాళ్లు వాడుకున్నట్టు కాదా? రేపు రాజుగారు అడిగితే ఎవరు జవాబు చెప్తారు?"

"తేనే వాడనప్పుడు రాజుగారికేం పనండి?" అన్నాడు భల్లన్న.

"తేనె వాడకుండా వెనకబడ్డ పిల్లలకు మేలు చెయ్యడానికి మనకెవరు అధికారం ఇచ్చారు?" అన్నారు అధ్యక్షులు. కొంగ మాస్టారు రెండో కాలు ఆ పక్కకు దించారు.

"పోనీ, ఏరు పొంగినన్నాళ్లు ఎవురైనా ఈపు మీద దాటిస్తారా?" అంది బలుసమ్మ.

సభ అంతా రేగి ముళ్ల వైపు చూసింది. ఒక్కొక్కరే వీపు తడుముకున్నారు. ముళ్లు దిగని వీపు ఎవరికుందని అధ్యక్షులు అటూ ఇటూ చూశారు. ఏట్లోనే ఇల్లు కట్టుకుని, నూట పన్నెండేళ్లుగా రాతిలాంటి డిప్ప మోస్తున్న ప్రాణి ఒకటి ఆ సభలోనే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకు వచ్చింది. అందుకే తల లోపలికి లాక్కున్నాను.

ఎందుకు లాక్కున్నానని మీరు అడగొచ్చు. సభ్యుడన్నవాడు పర్యవేక్షిస్తాడు గాని మోస్తాడా? పైగా ఒకరోజు మోస్తే రోజూ మొయ్యమంటారు. పదిమందీ చూస్తారు. కమిటీలో ఉండి ముళ్లపంది పిల్లను వీపునేసుకు తిరుగుతున్నాడట అంటారు. ఇవన్నీ డిప్పలోపల చీకట్లో కూర్చుని ఆలోచించాను. లోపల కూర్చుంటే అన్నీ న్యాయంగానే కనిపిస్తాయి.

"దుంగ విషయం పరిశీలనలో ఉంచడమైనది. వీపు విషయం ఎవరూ తల ఎత్తనందున ముగించడమైనది" అని కొంగ మాస్టారు రాసుకున్నారు.

వానలు వచ్చాయి. ఏట్లో రాళ్లు మునిగిపోయాయి. కాలిన గట్టునుంచి వచ్చే ముగ్గురు పిల్లల్లో ఇద్దరు మానేసి, అడవి లోపలికి వలసపోయారు. రేగి ఒక్కతే రోజూ ఏటి ఒడ్డుకు వచ్చి, అవతల నిలబడేది.

"కూర్మయ్య తాతా! ఇవాళ బడిలో ఏం జాడ చెప్పారు?" అని కేకేసేది.

"తెలీదమ్మా. పని మీద వెళ్తున్నా" అనేవాణ్ణి.

"ఏం పని తాతా?"

"మీ తేనె భద్రంగా ఉందో లేదో చూసి రావాలి తల్లీ!"

"మంచిది తాతా" అనేది ఆ పిల్ల. వెటకారం కాదు, నిజంగానే అనేది. మళ్లీ "మాస్టారినడిగి సాయంత్రం చెప్తావా?" అనేది. చెప్తాననేవాణ్ణి. గుహకి వెళ్లేసరికి మరిచిపోయేవాణ్ణి. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల అక్కడే తడి ఇసకలో ఏవో గుర్తులు చూస్తూ కూర్చునుండేది. నేను నీళ్లలోపల్నించి చప్పుడు కాకుండా ఇంటికి పోయేవాణ్ణి.

మా బడిలో ఒక రూలుంది. వరసగా నలభై రోజులు రాని పిల్ల పేరు హాజరు పట్టీలోంచి కొట్టేస్తారు. కొట్టేసిన పేరు మళ్లీ ఎక్కదు. రేగి రాక ముప్పై ఆరు రోజులైంది.

అప్పుడు రాజుగారి దగ్గర్నుంచి ఆకు మీద రాసిన ఉత్తరం వచ్చింది. మూడు రోజుల్లో తనిఖీకి గద్దగారు వస్తున్నారు. మా అడవిలో ఏడాది లెక్క వానాకాలం మధ్యలో ముగుస్తుంది. ఎందుకంటే రాజుగారి పుట్టినరోజు అప్పుడు.

"రానీ! చూపిద్దాం!" అన్నారు నెమలిగారు. "నలభై కుండల్లో ఒక్క చుక్క పోలేదు. ఎలుగుబంటి ఇంట్లో పెట్టి కాపాడిన కమిటీ ఇంకెక్కడైనా ఉందా?"

కొంగ మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అదేనండి చిక్కు. ఖర్చు కాని తేనె మురిగిపోయిన లెక్క. రాజుగారు వెనక్కి తీసుకుంటారు. ఏం పర్యవేక్షించారని కమిటీని రద్దు చేస్తారట."

సభలో ఇప్పపూలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. ఇన్నాళ్లూ చుక్క పోకుండా చూసినవాళ్లం, మూడు రోజుల్లో చుక్క మిగలకుండా చూడాలి. నిజం చెప్పాలంటే ఆ పనిలో మాకు ఎక్కువ నేర్పు ఉన్నట్టు తేలింది.

ఇరవై కుండలు పోసి ఏటి ఒడ్డున వేదిక, స్వాగత తోరణం కట్టించాం. పది కుండలు పోసి "ఈ బడిలో వెనకబడ్డ పిల్లలు కలరు" అని పెద్ద బోర్డు చెక్కించాం. ఇంకో పది కుండలతో సభ్యులందరం జలపాతం దగ్గరికి వెళ్లి "ఆకలి అంటే ఏమిటి" అన్న విషయం మీద ఒకరోజు శిక్షణ తీసుకున్నాం. భోజనాలు బాగున్నాయి. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆకలి గురించి నాకు అంతకుముందు అంత లోతుగా తెలీదు.

అంతా సిద్ధమయ్యాక భల్లన్న వచ్చి, "అయ్యా, గద్దగారు వెనకబడ్డ పిల్లను చూపించమంటే?" అన్నాడు.

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పిల్ల విషయం నిజంగానే మరిచిపోయాం.

"దుంగ దొర్లించనా?" అన్నాడు భల్లన్న ఆశగా.

"అది పరిశీలనలో ఉంది" అన్నారు నెమలిగారు. "కంగారు పడకండి. మా చిన్నవాడున్నాడు. వాడికి కాస్త బూడిద పూసి, ఒంటికి నాలుగు ముళ్లు అంటిస్తే సరి. గద్ద ఆకాశంలో తిరిగేవాడు, నేల మీద పిల్లల సంగతి ఆయనకేం తెలుసు?"

ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారు. నేనేం చేసి ఉంటానో మీకు ఈపాటికి తెలుసు.

తనిఖీ రోజు వచ్చింది. రేగి రాక అది ముప్పై తొమ్మిదో రోజు. గద్దగారు తోరణం మీద వాలారు. ఉపన్యాసాలయ్యాక బూడిద పూసుకున్న నెమలి పిల్లను ముందుకు తోశారు. వాడి మెడకు తుమ్మముళ్లు జిగురుతో అంటించి ఉన్నాయి.

"ఎప్పట్నించి వెనకబడ్డావు బాబూ?" అన్నారు గద్దగారు.

"ఇవాళ్టినుంచేనండి" అన్నాడు వాడు. "మా నాన్నగారు ఇవాళ ఒక్కరోజే వెనకబడమన్నారు. రేపటినుంచి మళ్లీ మామూలేనట."

నెమలిగారు వెంటనే పింఛం విప్పారు. సభ చప్పట్లు కొట్టింది. గద్దగారు మాత్రం కొట్టలేదు. ఆయన చూపు ఏటి అవతలికి పోయింది. అక్కడ ఒక ముళ్లపంది పిల్ల తడిసిపోయి నిలబడి ఉంది.

"ఆమె ఎవరు?"

"ఆమె... ఆమె మా లబ్ధిదారండి" అన్నారు కొంగ మాస్టారు. కంగారులో ఆయన రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి.

"మరి అవతలుందేం?"

"దాటే మార్గం పరిశీలనలో ఉందండి."

"ఈ ఏట్లో ఎవరూ ఉండరా?" అన్నారు గద్దగారు.

పదిమంది సభ్యులు, పన్నెండు మంది పిల్లలు, ఒక ఎలుగుబంటి, అందరూ నా వైపు తిరిగారు. నేను తల లోపలికి లాక్కున్నాను. కాళ్లు కూడా లాక్కున్నాను.

చీకట్లో ఉండగా పైన టకటకమని చప్పుడైంది. గద్దగారు నా డిప్ప మీద వాలి ముక్కుతో కొడుతున్నారు.

"చాలా గట్టిగా ఉందే" అన్నారాయన. "ఇది దేనికి వాడతారు?"

దానికి చెప్పడానికి నా దగ్గర నిజమొక్కటే ఉంది. "దాక్కోడానికండి" అన్నాను.

సభలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నాకు సిగ్గేసింది. నూట పన్నెండేళ్లలో సిగ్గుతో తల లోపలికి పోవడం చూశాను గాని, సిగ్గుతో తల బయటికి రావడం అదే మొదటిసారి. ఎవరినీ చూడకుండా ఏట్లోకి దిగాను.

అవతలి ఒడ్డుకు చేరి, "ఎక్కమ్మా" అన్నాను.

రేగి వెనక్కి జరిగింది. "వద్దు తాతా, గుచ్చుకుంటాయి."

"నాకేం గుచ్చుకోవమ్మా."

"నీకు ముందే తెలుసా తాతా?" అంది.

తెలుసని చెప్పాను. ఆ పిల్ల ముళ్లు దగ్గరికి ముడుచుకుని ఎక్కి కూర్చుంది. కోపగించుకుని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఏరు దాటడానికి ఎంతసేపు పట్టిందో చెప్పనా? కొంగ మాస్టారు కాలు మార్చుకునేంతసేపు. అంతే.

గద్దగారు ఇసక చూపించి, "ఇక్కడున్న జాడలు చదువు" అన్నారు.

"మూడు నెలలే బడికొచ్చానండి. తప్పులుంటాయి" అంది రేగి. మూతి నేలకు ఆనించి నెమ్మదిగా నడిచింది. "ఇది భల్లన్న మామది. ఏటి ఒడ్డుదాకా వచ్చి చాలాసార్లు ఆగాడు. దుంగ ఎక్కడ వేస్తే బాగుంటుందో చూసుకున్నట్టున్నాడు. ఇది అడవికోడిది."

"అది నాది!" అన్నారు నెమలిగారు.

"తప్పండి, నెమలిగారిది. వేదిక చుట్టూ మాత్రమే ఉంది. ఇవన్నీ పెద్దలవి. వేదిక దగ్గర్నుంచి జలపాతం వైపు పోయాయి. పోయేటప్పుడు తేలిగ్గా ఉన్నాయి, వచ్చేటప్పుడు లోతుగా దిగబడ్డాయి. ఏదో బాగా తిని వచ్చారు."

ఎవరో దగ్గారు. రేగి ఇంకా చదువుతూనే ఉంది.

"ఇది కూర్మయ్య తాతది. రోజూ పోయింది, రోజూ వచ్చింది. చాలా కష్టపడ్డాడు." కాసేపు వెతికింది. "ఏటి అవతలి ఒడ్డుకు వెళ్లిన పెద్దల జాడ ఇప్పుడు పడిందొక్కటేనండి. ముందటిది నాకు కనపడలేదు. నేనే సరిగ్గా చదవలేకపోయానేమో."

"సరిగ్గానే చదివావు" అన్నారు గద్దగారు, ఎగిరిపోయారు.

హాజరు పట్టీలో రేగి పేరు కొట్టెయ్యలేదు. మేం మాత్రం రద్దవుతామని మూటలు సర్దుకున్నాం. వారం తర్వాత రాజుగారి ఉత్తరం వచ్చింది. గద్దగారు ఏం రాశారో, సింహాసనం దాకా వెళ్లేసరికి అది ఏమైందో తెలీదు. "నలభై కుండల తేనెతో ఒక వెనకబడ్డ పిల్ల ఏరు దాటి, జాడలు చదివినందుకు కమిటీకి అభినందనలు. వచ్చే ఏడు ఎనభై కుండలు పంపుతున్నాము" అని ఉంది. నెమలిగారు పింఛం విప్పారు.

ఇప్పుడు నేను రోజూ రేగిని మోస్తున్నాను. ఆ మోయడాన్ని పర్యవేక్షించడానికి ఉపసంఘం ఒకటి వేశారు. వెనకబడ్డ పిల్లలు తప్ప వేరేవాళ్లు నా వీపెక్కుతున్నారేమో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. ఆ పని భల్లన్నకి అప్పగించారు. నిన్న రెండు కప్ప పిల్లలు కూడా సరదాగా ఎక్కాయి. భల్లన్న ఒడ్డున నిలబడి, కళ్లు గట్టిగా మూసుకుని, "ఎవరూ లేరు" అని రాయించాడు.

దుంగ ఇంకా పరిశీలనలోనే ఉంది.

నీతి: ఏరు దాటడానికి తెప్ప కావాలి, తెప్ప ఉన్న సంగతి దాచడానికి కమిటీ కావాలి.